దమ్ అంటే ఏమిటో తెలిసిన తర్వాత

నాకు క్షయ వచ్చి తగ్గింది. తగ్గి మూడేళ్లు దాటింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం లేదు, దగ్గు లేదు, బరువైతే మా ఆవిడ ఎగతాళి చేసేంత పెరిగాను. అయినా ఇది రాస్తున్నానంటే జబ్బు మీద గెలిచానని గొప్ప చెప్పుకోవడానికి కాదు. దోహాలో ఒక డాక్టరు ముందు కూర్చుని నేనొక అబద్ధం చెప్పాను. ఫుట్‌బాల్ తప్ప వేరే బతుకు తెలియని ఒక మంచి మనిషి ఆ అబద్ధానికి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత అతనికి జరిగింది నా వల్లే జరిగిందా, కాదా? ఇప్పటికీ తేలడం లేదు. మనసులో పెట్టుకుని తిరగలేక కాగితం మీద పెడుతున్నాను.

నా పేరు రాజేశం. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఇంటర్ రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పి పేరు తెచ్చుకోవడం ఇష్టంలేక 1994లో ఖతర్ విమానం ఎక్కాను. ఊళ్లోవాళ్ల దృష్టిలో మాత్రం నేనున్నది దుబాయ్‌లోనే. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా "ఆ, గదే, దుబాయే గదా" అనేవాళ్లు. నేను బయల్దేరేనాటికి మా ఆవిడ పద్మకు నాలుగో నెల. బిడ్డ పుట్టిన సంగతి టెలిఫోన్‌లో విన్నాను. స్రవంతి అని పేరు పెట్టారు. సెలవుకొచ్చే ఎవరో ఒకరి చేతికి పద్మ క్యాసెట్ ఇచ్చి పంపేది. ముందంతా ఇంటి కబుర్లు, చివర బిడ్డ ఏడుపు. ఆ ఏడుపు కోసం టేపును వెనక్కి తిప్పి తిప్పి వినేవాణ్ణి.

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. మా గదిలో ఆరుగురం. అందరిలోకీ పెద్దవాడు మల్లన్న. మా పక్క ఊరివాడే, ఒక కంపెనీలో పికప్ నడిపేవాడు. నాకు ఫుట్‌బాల్ క్లబ్‌లో పని ఇప్పించింది అతనే. పనంటే ఆడటం కాదు లెండి. ఆడినవాళ్ల బట్టలు ఉతకడం.

స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గది నాది. రెండు పెద్ద మెషీన్లు, ఒక డ్రయ్యరు, మడతలు పెట్టడానికి పొడవాటి బల్ల. నాకు ఆట తెలియదు గానీ బట్టలు చూస్తే ఆటంతా తెలిసిపోయేది. ఎవరు పరుగెత్తారో, ఎవరు పరుగెత్తినట్టు నటించారో చొక్కా చెప్పేస్తుంది. పెద్ద పేరున్న కొందరి చొక్కాలైతే ఉతక్కుండానే మళ్లీ తొడిగించవచ్చు. ప్రతి మ్యాచ్ తర్వాతా అన్నిటికన్నా బరువుగా, పిండితే కారేలా వచ్చే చొక్కా ఒకటుండేది. అది అక్సెల్‌ది.

అక్సెల్ డెన్మార్క్ వాడు. ముప్పై మూడేళ్లు. ఆ సీజన్‌కే మా క్లబ్‌కు వచ్చాడు. భార్య, కొడుకు డెన్మార్క్‌లోనే ఉండిపోయారు. అందుకేనేమో ప్రాక్టీసుకు గంట ముందే వచ్చి, నా గదిలో తువ్వాళ్ల మూట మీద కూర్చుని, నేను పెట్టిన చాయ్ తాగేవాడు. అక్కడ ఆటగాళ్లందర్నీ కాప్టెన్ అనే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అతనికి రాజేశం నోరు తిరగక రాజ్ అనేవాడు. అతని ఇంగ్లిషు మెల్లగా ఉండేది, నాది ముక్కలుగా ఉండేది. సరిపోయేది.

"మిడ్‌ఫీల్డర్ అంటే ఏం చేస్తాడు కాప్టెన్?" అని ఒకరోజు అడిగాను.

బల్ల మీద ఈ చివర ఒక సాక్సు, ఆ చివర ఒక సాక్సు పెట్టాడు. "ఇతని దగ్గర బంతి తీసుకుని అతనికి ఇవ్వాలి. రోజంతా అదే. గోల్ కొట్టినవాడి ఫొటో పేపర్లో పడుతుంది. గోల్ ఆపినవాడి ఫొటో కూడా పడుతుంది. నాది పడదు."

"నాది కూడా పడదు కాప్టెన్" అన్నాను. చాయ్ ముక్కులోకి పోయేంత నవ్వాడు.

అతని కథ అలా చాయ్ చాయ్‌కి కొంచెం కొంచెంగా తెలిసింది. చేపల పడవలు ఆగే చిన్న ఊరు. తండ్రి ఆ పడవల మీద పనిచేసేవాడు. పంతొమ్మిదేళ్లకు పెద్ద క్లబ్, తర్వాత జర్మనీ, తర్వాత బెల్జియం. దేశం తరఫున ఒకే ఒక్కసారి ఆడాడు, అదీ చివరి పదకొండు నిమిషాలు. డెన్మార్క్‌ను చివరి ఘడియలో యూరప్ పోటీకి పిలవడం, వాళ్లు వెళ్లి కప్పు గెలిచేయడం జరిగిన ఆ వేసవిలో తనను కూడా పిలుస్తారేమోనని ఇంట్లో ఫోన్ పక్కనే కూర్చున్నాడట. ఫోన్ రాలేదు. "పాలు కొనడానికి కూడా బయటికి వెళ్లలేదు రాజ్" అన్నాడు. ఖతర్‌లో ఒక ఏడాది ఒప్పందం. బాగా ఆడితే ఇంకో ఏడాది. ఎలాగైనా ముప్పై ఆరు దాకా ఆడాలని అతని కోరిక. కొడుక్కి అప్పటికి తండ్రి ఆట గుర్తుండే వయసు వస్తుందని.

1995, చలికాలం

నవంబరులో దగ్గు మొదలైంది. సబ్బు పొడి పడలేదనుకున్నాను. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. ఎయిర్ కండిషన్ పడలేదనుకున్నాను. ప్యాంటు నడుం మీద నిలవనన్నప్పుడు కూడా మా గదిలో వంట బాగాలేదనే అనుకున్నాను. ఏదో ఒక వంక దొరుకుతూనే ఉండేది. ఒక పొద్దున రుమాలులో ఎర్రగా చిన్న గీత కనబడింది. పంటి చిగురు అనుకున్నాను. బట్టల మీద రక్తం సంగతి నాకు బాగా తెలుసు. వేడినీళ్లు తగిలితే కూర్చుండిపోతుంది. చల్లనీళ్లలో ఉప్పు వేసి నానబెడితే పోతుంది. పోగొట్టాను.

నా దగ్గు వినలేక అక్సెలే నన్ను కారెక్కించుకుని ముషైరిబ్ అనే పేటలో ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాడు. టోకెన్ అతనే తీసుకున్నాడు. వెయిటింగ్ రూములో ఇనుప కుర్చీలు, మా బోటివాళ్లు నలభై మంది. అతని కాళ్లు పొడుగు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డాడు. ఒక పఠాన్ డ్రైవరు అతన్ని గుర్తుపట్టి తన మందుల చీటీ వెనక సంతకం పెట్టించుకున్నాడు. దాంతో ఇంకో పదిమంది లేచారు. అందరికీ పెట్టి, నా నంబరు పిలవగానే నన్ను భుజం తట్టి లోపలికి పంపాడు.

డాక్టరు అరబ్బు ఆయన. మాతో అందరూ మాట్లాడే ముక్కల అరబ్బీలోనే మాట్లాడాడు. అప్పటికి నాకు వచ్చిన అరబ్బీ పదమనడానికి యల్లా, చూడమనడానికి శూఫ్, డబ్బుకు ఫులూస్, ఆపైన మాఫీ. మాఫీ అంటే లేదు. ఫీ అంటే ఉంది. గుండె మీద గొట్టం పెట్టి విని, "ఫీ దమ్?" అని అడిగాడు.

నేను విన్నది దమ్ము. మా దగ్గర ఉబ్బసాన్ని దమ్ము అంటాం. మా ఊరి కంసాలి ముసలాయనకు ఉండేది, పిల్లనగ్రోవిలా ఈల వేస్తూ ఊపిరి తీసేవాడు. నాకు అలాంటిదేమీ లేదు. తడి బట్టల మూటలు మోసే మనిషిని. పౌరుషంగా రొమ్ము మీద చరుచుకుని "మాఫీ దమ్! మాఫీ!" అన్నాను. ఆయన సంతోషించి దగ్గు మందు రాసిచ్చాడు. నేనూ సంతోషించాను. బయట అక్సెల్ కూడా సంతోషించాడు.

1996, జనవరి

ఒక మ్యాచ్‌లో ఎవరిదో తల తగిలి అక్సెల్ కనుబొమ్మ చిట్లింది. మ్యాచ్ అయ్యాక స్టోర్ చూసే ముసలాయన ఆ చొక్కాను నా బల్ల మీద పడేసి, ఎర్రటి మరక మీద వేలు పెట్టి "శూఫ్! దమ్! దమ్ వాజిద్!" అన్నాడు. చూడు, చాలా ఉంది అని. త్వరగా నానబెట్టమని ఆయన తొందర.

నేను చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దమ్ అంటే ఉబ్బసం కాదు. దమ్ అంటే రక్తం. డాక్టరు నన్ను రక్తం పడుతోందా అని అడిగాడు. నేను రొమ్ము చరుచుకుని మరీ లేదన్నాను. ఆ పొద్దున కూడా నా రుమాలులో పడింది. ఈసారి గీత కాదు.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. భాష రానివాడు ఎవడైనా చేసేదే. మర్నాడే వెళ్లి సరిదిద్దుకుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నేను వెళ్లలేదు. ఏప్రిల్‌లో వీసా మెడికల్ ఉంది. ఊపిరితిత్తిలో మచ్చ కనబడితే అన్‌ఫిట్ అని రాసి పంపేస్తారని మా గదిలో అందరికీ తెలుసు. అలా పోయినవాళ్ల పేర్లు మల్లన్న వేళ్ల మీద చెప్పేవాడు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. మా కాకకు, అంటే మా నాన్న తమ్ముడికి, నా చిన్నప్పుడు క్షయ వచ్చింది. ఆయన్ను పశువుల కొట్టంలో పడుకోబెట్టారు. ఆయనకొక సిల్వర్ పళ్లెం వేరుగా ఉండేది. మేం పిల్లలం దాన్ని ముట్టుకుంటే దెబ్బలు పడేవి. నేను ఇంకా కళ్లతో చూడని నా బిడ్డను దూరం నుంచి చూపించి, "గదిగో మీ బాపు, దగ్గరికి పోకు" అంటారు.

రంజాన్ నెల

దగ్గు తగ్గకపోతే అక్సెల్ ఊరుకోలేదు. ఫిబ్రవరిలో, ఉపవాసాలు విడిచే వేళ అయ్యాక, మళ్లీ అదే క్లినిక్‌కు తీసుకెళ్లాడు. ఈసారి తనూ లోపలికి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరుకు నేను సరిగ్గా చెప్పుకోలేకపోతున్నానని అతని అనుమానం.

డాక్టరు పాత చీటీ చూశాడు. గొట్టం పెట్టి విన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టి దగ్గి చూపించి, ఆ చేతిని నా ముందు తెరిచి, "దమ్?" అన్నాడు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ అడగలేరు.

నా జేబులో రుమాలుంది. ఆ పొద్దునే చల్లనీళ్లలో ఉతికి ఆరేసింది.

"మాఫీ" అన్నాను.

అక్సెల్ నా మోకాలి మీద తట్టాడు. డాక్టరు మందు మార్చి, రెండు వారాల్లో తగ్గకపోతే ఎక్స్‌రే తీయించుకోమన్నాడు. కారులో తిరిగి వస్తూ అక్సెల్ హుషారుగా ఉన్నాడు. వచ్చే సీజన్‌కు కూడా ఉంచుకునేలా ఉన్నారని, కోచ్ మంచిగా మాట్లాడాడని చెప్పాడు. ఎయిర్ కండిషన్ కోసం అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. నేను దగ్గు ఆపుకుంటూ వెలుపలికి చూస్తూ కూర్చున్నాను.

రెండు వారాలైంది, ఎక్స్‌రే తీయించుకోలేదు. తగ్గిందని అక్సెల్‌కు చెప్పాను. అతను రాకముందే కడుపునిండా దగ్గేసి, అతను ఉన్నంతసేపూ లవంగం చప్పరిస్తూ గడిపేవాణ్ణి. అతను మాత్రం రోజూ వచ్చాడు. కిటికీ లేని ఆ గదిలో, ఆ తువ్వాళ్ల మూట మీద రోజూ గంట కూర్చున్నాడు. చాయ్ గ్లాసు మాత్రం మరిగే నీళ్లతో కడిగి ఇచ్చేవాణ్ణి. ఆ జబ్బు గ్లాసులో కాదు, గాలిలో ఉంటుందని నాకు తర్వాత చెప్పారు. నేను చేసిన ఒక్క జాగ్రత్త కూడా అక్కరకు రానిదే.

మార్చి చివర, ఏప్రిల్

తడి మూట ఎత్తబోయి పడిపోయాను. లేచేసరికి మడతపెట్టిన తెల్ల చొక్కాల మీద నా నోటి రక్తం. ముందు వాటిని నానబెట్టాలనే అనిపించింది. ఎవరో అరిచారు. అక్సెల్ పరుగెత్తుకొచ్చి నన్ను రెండు చేతులతో ఎత్తాడు. నన్ను ముట్టుకోవద్దని తెలుగులో మొత్తుకున్నాను. అతనికేం అర్థమవుతుంది? కారు దాకా మోసుకుపోయాడు.

ఆసుపత్రిలో వేరే గదిలో ఉంచారు. డాక్టర్లు, నర్సులు మూతికి మాస్కు కట్టుకుని వచ్చేవాళ్లు. మూడో రోజు మలయాళీ సిస్టర్ ఒకామె కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. హిందీలో మెత్తగా మాట్లాడేది.

"ఎవరెవరితో ఎక్కువసేపు కలిసి ఉన్నావో చెప్పు భయ్యా. వాళ్లకు కూడా పరీక్ష చేయాలి."

గదిలో ఐదుగురి పేర్లూ చెప్పాను. ఆమె రాసుకుని తలెత్తింది. "ఇంకా?"

అక్సెల్ పేరు చెబితే క్లబ్‌కు తెలుస్తుంది. ఇంకో ఏడాది ఒప్పందం ఇంకా రాతలో పడలేదు. జబ్బు అనుమానం ఉన్న ఆటగాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? చెప్పకపోతే, అతనికి అంటుకుని ఉంటే? సిస్టర్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. చెప్పాను. ఆ ఏడాది నేను చేసిన మంచిపని అదొక్కటే. వారం తర్వాత ఆమే నవ్వుతూ వచ్చి, ఐదుగురికీ ఏమీ లేదని, నీ ఫుట్‌బాల్ దోస్తు ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉందని చెప్పింది. నేను దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. జబ్బు సంగతి తెలిసినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మల్లన్న శుక్రవారం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. గదిలో ఇద్దరు వేరే చోటు చూసుకుని పోయారని చెప్పాడు. "నీ పరుపు బయటేసిన్రు రా. నేను మళ్ల లోపలేసిన. పరుపేం జేసింది పాపం" అన్నాడు. నవ్వబోయాను, దగ్గొచ్చింది. అతను వెనక్కి జరగలేదు.

పద్మకు ఫోన్ చేశాను. ఊళ్లో ఫోనున్న కిరాణా దుకాణానికి పరుగెత్తుకొచ్చింది.

"ఏం జబ్బు?"

"ఊపిరితిత్తులకు."

"పేరు లేదా దానికి?"

"టీబీ."

"మందున్నదా?" అంది.

"ఉన్నది. ఆర్నెల్లు మింగాలె."

"మరెందుకు ఏడుస్తున్నవ్? మందున్న జబ్బుకు ఎవలన్న ఏడుస్తరా?" అని గట్టిగా కోప్పడి, ఆ వెంటనే తనే ఏడ్చింది. దుకాణంలో అందరూ వింటున్నారని కూడా చూసుకోలేదు.

నన్ను ఇంటికి పంపే ముందు అక్సెల్ వచ్చాడు. సిస్టర్ మాస్కు కట్టి పది నిమిషాలు ఒప్పుకుంది. మంచానికి ఎడంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముందుగా తన ఒప్పందం సంగతి చెప్పాడు. సంతకాలైపోయాయి, ఇంకో ఏడాది. తర్వాత గొంతు తగ్గించి, ముషైరిబ్ క్లినిక్‌కు వెళ్లి ఆ డాక్టరు మీద గట్టిగా అరిచి వచ్చానన్నాడు.

"నువ్వు ప్రతిసారీ అన్నీ చెప్పావు. రెండోసారి నేను పక్కనే ఉన్నాను కదా. అతనే సరిగ్గా చూడలేదు."

నేను దుప్పటి అంచు మడతలు పెడుతూ కూర్చున్నాను.

అతను మోకాలు చూపించాడు. "నేనైతే ఎప్పుడూ నిజం చెప్పలేదు రాజ్. జర్మనీలో ఏడాది పాటు ఈ మోకాలు నొప్పి. ప్రతి సోమవారం డాక్టరు అడిగేవాడు, లేదనేవాణ్ణి. చెబితే జట్టులోంచి తీసేస్తారని. చివరికి కత్తి పెట్టాల్సి వచ్చింది. ఆ వేసవిలో ఫోన్ రాకపోవడానికి కారణం ఎవరో కాదు, నేనే. ఇది నా భార్యకు కూడా చెప్పలేదు. నువ్వు నాకన్నా ధైర్యవంతుడివి."

ఆ క్షణంలో చెప్పేయాల్సింది. అతనే తలుపు తీసి పెట్టాడు. "కాప్టెన్, నేను కూడా" అంటే సరిపోయేది. సిస్టర్ వచ్చి టైమైందంది. అతను లేచి, చెయ్యి కలపడానికి లేదు కాబట్టి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. టైము చాలక కాదు, చెప్పలేకే చెప్పలేదు. నన్ను ధైర్యవంతుడన్న మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు.

ఇంటి దగ్గర

మే నెలలో ఊరికి వచ్చాను. దుబాయ్ పోయి జబ్బు తెచ్చుకున్నాడని ఊరంతా అనుకుంది, నా ముందు మాత్రం "మంచిగైనవా" అని అడిగింది. మొదటి రోజు అన్నానికి కూర్చున్నప్పుడు నా కళ్లు పళ్లెం మీదే ఉన్నాయి. పద్మ అందరి పళ్లేల్లోంచి పైదాన్ని తీసి నా ముందు పెట్టింది. మా అత్త మాత్రం వారం రోజుల పాటు స్రవంతిని చంకనుంచి దించలేదు. ఆమెను తప్పుపట్టను. నేను చూసిన కొట్టాన్నే ఆమె కూడా ఏదో ఇంట్లో చూసి ఉంటుంది.

జగిత్యాల ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చేవాళ్లు. బల్లల మీద మా జబ్బువాళ్లమే వరసగా కూర్చునేవాళ్లం. ఎవరూ ఎవరి మొహం చూసేవాళ్లు కాదు. ఒక బీడీలు చుట్టే ముసలమ్మ మాత్రం అందరి కోసం జామకాయలు తెచ్చేది. "తినుండ్రి, మనకు మనం అంటిచ్చుకునేదేమున్నది" అని నవ్వేది. ఆ నెలల్లో నాకు బాగా గుర్తున్న నవ్వు ఆమెదే. నీ వల్ల ఇక ఎవరికీ అంటదు, బిడ్డను ఎత్తుకోవచ్చని జూన్‌లోనే డాక్టరు చెప్పాడు. ఎత్తుకున్నాను. నా మెడ పట్టుకుని "బాపు" అంది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

దసరా దాటాక మల్లన్న క్యాసెట్ వచ్చింది. ఒక్కణ్ణే కూర్చుని విన్నాను.

"రాజేశం, నేను మల్లన్నను. గోలీలు మింగుతున్నవా? ఇడువకు. మీ కాప్టెన్ సంగతి జెప్త. జెప్పాల్నా వద్దా అని రెండు వారాలు ఆగిన. పోయిన నెల ఆట నడుమల నిలవడిపోయిండట. చెయ్యి లేపి తననే బయటికి పంపుమన్నడట. గట్ల ఎన్నడు అడగలేదట ఆయన. ఛాతిల నీరు వట్టిందన్నరు. నీ జబ్బేనట. పక్కల నొప్పి నెల నుంచి ఉన్నదట గని ఎవలకు జెప్పలేదట. క్లబ్బోళ్లు ఒప్పందం తీసేసిన్రు. పోయిన ఆదివారం వాళ్ల దేశం పోయిండు. నీతోని అయిందని ఎవలు అనలే. నువ్వు మనసుల వెట్టుకోకు."

టేపు అయిపోయి చక్రాలు ఆగిపోయినా నేను లేవలేదు. మర్నాడు ఆసుపత్రికి వెళ్లి డాక్టరును అడిగాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా తర్వాత బయటపడుతుందా అని. పడొచ్చు అన్నాడు. నా వల్లేనా అని అడిగాను. "ఎవరి నుంచి వచ్చిందో ఎట్ల చెప్తం? ఎవరి నుంచైనా రావచ్చు" అన్నాడు. నా వల్లే అని అనలేదు. కాదు అని కూడా అనలేదు.

ఆ రోజు నుంచి స్రవంతిని ఎత్తుకోవడం మానేశాను. పక్కకొస్తే లేచిపోయేవాణ్ణి. పద్మ నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు "డాక్టరు కన్న నీకే ఎక్కువ ఎర్కనా?" అని పిల్లను తెచ్చి నా ఒళ్లో పడేసింది. అప్పుడు ఆమెకు అంతా చెప్పాను. క్లినిక్, రుమాలు, రెండోసారి చెప్పిన మాట. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. "ఆయనకు రాయి. నాకు జెప్తే ఏం లాభం?" అంది.

రాశాను. తెలుగులో రాసి, హైస్కూల్ ఇంగ్లిషు సారుతో ఇంగ్లిషులో రాయించాను. సారు రెండుసార్లు కళ్లజోడు తీసి, "ఇది తప్పకుండ రాయాల్నా?" అని అడిగాడు. మొదటిసారి దమ్ అన్నది అర్థం కాలేదనీ, రెండోసారి అర్థమయ్యే లేదన్నాననీ, అతను అరవాల్సింది డాక్టరు మీద కాదనీ రాయించాను. మల్లన్న క్లబ్ స్టోర్‌లో అతని పెట్టె మీది చీటీ చూసి అడ్రసు పంపాడు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాను.

ఇది చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. దగ్గులో రక్తం కనబడితే డాక్టరు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి. భాష రాకపోతే రుమాలు తీసి చూపించండి. అన్‌ఫిట్ అని పంపితే పంపనివ్వండి. నేను ఇంటికొచ్చాక తిన్నది అందరి పళ్లెంలాంటి పళ్లెంలోనే. నేను భయపడింది జరగలేదు. ఆ భయంతో నేను చేసిందే జరిగింది.

మందులు పూర్తయ్యాయి. ఎక్స్‌రే చూసి డాక్టరు ఇక రానక్కర్లేదన్నాడు. ఉత్తరానికి మాత్రం జవాబు లేదు. అతనికి అందలేదేమో అనుకునేవాణ్ణి. అందిందేమో అనిపించినప్పుడు ఇంకా కష్టంగా ఉండేది.

ఉత్తరం వేసిన ఐదు నెలలకు డెన్మార్క్ నుంచి కవరు వచ్చింది. లోపల ఉత్తరం లేదు, ఒక ఫొటో ఉంది. మబ్బు పట్టిన ఆకాశం కింద చిన్న మైదానం, పదిమంది పిల్లలు, వాళ్ల వెనక పెద్ద కోటు వేసుకుని అక్సెల్. బాగా చిక్కిపోయాడు. ఫొటో వెనక నాలుగు వాక్యాలు. సారు చదివి చెప్పాడు.

"రాజ్, నాకు ముప్పై నాలుగు వచ్చాయి. మోకాలు ఇక చాలంది, అందుకే ఆపేశాను, ఊపిరితిత్తుల వల్ల కాదు. పిల్లలకు నేర్పుతున్నాను. నీ మాత్రలు పూర్తిగా వేసుకున్నావా?"

సారు నా భుజం మీద చెయ్యి వేసి "చూసినవా, నీతోని కాలేదు. ఊకెనే కుమిలినవ్" అన్నాడు. తలూపాను. సారుకు ఆట తెలియదు, అక్సెల్ చొక్కాలు ఉతకలేదు. నేను పడిపోయే ముందు ఉతికిన చివరి మ్యాచ్ దాకా జట్టంతటిలోకీ బరువైన చొక్కా అదే. మోకాలు చాలన్న మనిషి చొక్కా అలా ఉండదు.

నేను చెప్పిన అబద్ధం నా కోసం. అతను రాసిన అబద్ధం కూడా నా కోసమే.